పాత మారుతి లోపలి ప్లాస్టిక్‌కు, రెగ్జిన్‌కు మళ్లీ రంగు వేసుకోవడం ఎలా?

పాత మారుతి 800కి బయట ఎంత రబ్బింగ్ చేయించినా, పాలిష్ కొట్టించినా, డోరు తీసి కూర్చోగానే అసలు వయసు తెలిసిపోతుంది. బూడిద రంగు ప్లాస్టిక్ పసుపు తిరిగి ఉంటుంది. డోర్ ప్యాడ్ మీద మోచెయ్యి ఆనే చోట నల్లటి జిడ్డు మరక ఉంటుంది. డాష్‌బోర్డు పైభాగం ఎండకు తెల్లబారిపోయి ఉంటుంది. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన మోడల్ కాబట్టి లోపలి ముక్కలు కొత్తవి దొరకడం కష్టం. పాత సామాన్ల షాపులో దొరికినా అవి మీ బండి రంగుకు కలవవు. ఉన్న ముక్కలకే రంగు వేసుకోవడం చవక, పైగా ఇంట్లో చేసుకోదగ్గ పని. మారుతిని దృష్టిలో పెట్టుకునే రాస్తున్నా గానీ, జెన్ అయినా, శాంత్రో అయినా, అంబాసిడర్ అయినా పద్ధతి చాలావరకు ఇదే.

ముందే ఒక మాట. ఇంట్లో వేసిన రంగు ఆరు నెలలకే పెచ్చులు లేచిందంటే చాలాసార్లు తప్పు రంగుది కాదు, సరిగ్గా కడగకపోవడం. మొత్తం పనిలో మూడొంతులు విప్పడానికి, కడగడానికే పోతే కంగారు పడకండి, పని సరిగ్గానే జరుగుతోంది.

దేనికి వేయాలి, దేన్ని వదిలేయాలి

డోర్ ప్యాడ్లు, డాష్‌బోర్డు కింది ప్యానెళ్లు, గ్లవ్ బాక్స్ మూత, పైకప్పును మోసే పిల్లర్ల మీది ప్లాస్టిక్, స్టీరింగ్ కింది కవర్, వెనక పార్సిల్ ట్రే పక్క ముక్కలు, ఇవన్నీ రంగుకు బాగా లొంగుతాయి.

స్టీరింగ్ వీల్, గేర్ నాబ్ జోలికి వెళ్లకండి. రోజూ చేతి చెమట, రాపిడి తగిలే చోట ఏ రంగూ ఎక్కువ కాలం నిలవదు. కాస్త అరిగాక చూడటానికి మునుపటి కంటే అసహ్యంగా ఉంటుంది. సీటు రెగ్జిన్‌కు రంగు వేయొచ్చు గానీ, కూర్చున్నప్పుడు మడత పడే చోట పగుళ్లు వస్తాయి. దానికి సీటు కవర్లే మంచిది. సీటు బెల్టు పట్టీ మీద రంగు గానీ థిన్నర్ గానీ పడకూడదు, దాని బలం తగ్గుతుంది. కాస్త కొత్త బండి అయి ఎయిర్‌బ్యాగ్ ఉంటే, ఆ మూతను అసలు ముట్టుకోవద్దు. అది ఎక్కడ చీలాలో కంపెనీ లెక్కగట్టి పెట్టి ఉంటుంది.

డాష్‌బోర్డు పగిలిపోయి ఉంటే రంగు దానికి మందు కాదు. మండుటెండలో మూసి ఉంచిన బండిలో డాష్‌బోర్డు 70 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. పగుల్లో లప్పం పెట్టి రుద్ది రంగేస్తే, మొదటి వేసవికే అదే గీత మళ్లీ తేలుతుంది. దానికి వేరే డాష్‌బోర్డు వెతుక్కోవాలి, లేదా పైన కవర్ వేయించాలి.

డోర్ ప్యాడ్ వెనక వైపు కూడా చూడండి. మారుతిలో ప్యాడ్ అంటే హార్డ్‌బోర్డు మీద అతికించిన రెగ్జిన్. వానకు డోరులోకి దిగిన నీళ్లు తగిలి, కింది అంచు ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయి ఉంటే రంగు దండగ. ఆ ప్యాడ్‌ను అచ్చుగా పెట్టి కొత్త బోర్డు కోయించి, సీటు కవర్ల షాపులో కొత్త రెగ్జిన్ వేయించండి. రెగ్జిన్ గట్టిపడి, వంచితే చిట్లుతున్నా అంతే.

అది ఏ ప్లాస్టికో ముందు తెలుసుకోండి

ముక్క విప్పాక వెనక్కి తిప్పి చూడండి. రెండు బాణం గుర్తుల మధ్య ఆ ప్లాస్టిక్ రకం పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో పీపీ అనో, ఏబీఎస్ అనో, పీవీసీ అనో అచ్చు ఉంటుంది. బాగా పాత బండ్లలో ఈ గుర్తు ఉండకపోవచ్చు. అప్పుడు వెనక కనపడని చోట బ్లేడుతో చిన్న పెచ్చు గీసి గ్లాసు నీళ్లలో వేయండి. తేలితే అది పాలీప్రొపిలీన్, అంటే పీపీ. మునిగితే ఏబీఎస్ కావచ్చు. కానీ టాల్కం పొడి కలిపిన పీపీ కూడా మునుగుతుంది కాబట్టి అచ్చు గుర్తు ఉంటే దాన్నే నమ్మండి. ఏ ప్లాస్టికో స్పష్టం కాకపోతే పీపీ అనుకునే పని చేయండి, నష్టం లేదు.

ఇదంతా ఎందుకంటే, పీపీకి ఏదీ సరిగ్గా అంటుకోదు. నేరుగా రంగు వేస్తే గోటితో గీకినా ఊడొస్తుంది. దానికి ప్లాస్టిక్ ప్రైమర్, అంటే రంగు పట్టుకోవడానికి ముందు వేసే పూత, కచ్చితంగా కావాలి. ఇనుముకు వేసే బూడిద రంగు ప్రైమర్ ఇక్కడ పనికిరాదు. పెయింట్ షాపులో ప్లాస్టిక్ బంపర్లకు వేసే పారదర్శక ప్రైమర్ అని అడగండి. ఏబీఎస్‌తో ఆ బాధ లేదు, రంగు బాగానే పట్టుకుంటుంది. కాకపోతే దాన్ని థిన్నర్‌తోనో పెట్రోలుతోనో తుడవకూడదు. థిన్నర్‌కు పైపొర కరిగి చేతికి అంటుకుంటుంది, పెట్రోలు తగిలితే తర్వాత సన్నటి పగుళ్లు రావచ్చు.

రెగ్జిన్ కథ వేరు. రెగ్జిన్ అంటే మెత్తటి పీవీసీ. మెత్తగా ఉండటానికి అందులో ప్లాస్టిసైజర్ అనే నూనె లాంటి పదార్థం కలుపుతారు. ఎండకు అది కొద్దికొద్దిగా బయటికి వస్తూ ఉంటుంది. ముందు అద్దం లోపలి వైపు ఎన్నిసార్లు తుడిచినా మళ్లీ పట్టే జిడ్డు పొరలో అది కూడా ఉంటుంది. ఇంటి గేటుకు వేసే ఎనామిల్ రెగ్జిన్ మీద వేస్తే, కింది నుంచి ఈ నూనె దాన్ని మెత్తబరుస్తుంది. నెలలు గడిచినా చెయ్యి పెడితే జిగురుగానే ఉంటుంది. అందుకే వినైల్‌కు, అంటే ఈ పీవీసీకి, ప్రత్యేకంగా తయారుచేసిన, వంగినా చిట్లని రంగే తీసుకోవాలి.

విప్పడం

మొదట బ్యాటరీ మైనస్ వైరు తీసేయండి. డోర్ ప్యాడ్‌కు అడ్డంగా ఉండేవి మూడు: అద్దం దించే హ్యాండిల్, చెయ్యి పట్టుకుని డోరు లాగే పిడి, లోపలి డోర్ హ్యాండిల్ చుట్టూ ఉండే కప్పు. పిడి, కప్పు స్టార్ స్క్రూ డ్రైవర్‌తో వస్తాయి. అద్దం హ్యాండిల్‌కు స్క్రూ కనపడదు, అందుకే చాలామంది బలవంతంగా లాగి విరగ్గొడతారు. దాని వెనక గుర్రపు నాడా ఆకారంలో ఒక స్ప్రింగ్ క్లిప్ ఉంటుంది. హ్యాండిల్‌కూ దాని వెనక ప్లాస్టిక్ రింగుకూ మధ్య పాత నూలు గుడ్డ దూర్చి, రెండు కొసలూ పట్టుకుని బూట్లకు పాలిష్ కొట్టినట్టు అటూ ఇటూ లాగండి. గుడ్డ పోగుకు క్లిప్ కొస తగులుకుని టక్కున ఎగిరి పడుతుంది. అది సీటు కింద ఎక్కడో దూరకుండా రెండో మనిషి చెయ్యి అడ్డం పెడితే మంచిది. అద్దం పూర్తిగా పైకి ఉన్నప్పుడు హ్యాండిల్ ఏ వైపు చూస్తోందో ఫొటో తీసి ఉంచుకోండి.

ఇక ప్యాడ్ చుట్టూ ప్లాస్టిక్ క్లిప్పులు నొక్కి బిగించి ఉంటాయి. వెడల్పాటి, మొద్దుబారిన పట్టీ ఒకటి క్లిప్పు పక్కనే దూర్చి లేపండి. క్లిప్పుకు దూరంగా పట్టి లాగితే క్లిప్పు డోరులోనే ఉండిపోయి హార్డ్‌బోర్డు చిరుగుతుంది. కొన్ని క్లిప్పులు ఎలాగూ విరుగుతాయి. విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో పాత క్లిప్పు ఒకటి చూపించి, అదే సైజువి ముందే తెచ్చి ఉంచుకోండి.

ప్యాడ్ వెనక డోరుకు అతికించి పాలిథిన్ కాగితం ఉంటుంది. దాన్ని చించి పారేయకండి. అద్దం పక్క నుంచి డోరులోకి దిగే వాన నీటిని ప్యాడ్‌కు తగలకుండా కాపాడేది అదే. ముందెవరో మెకానిక్ చించేసి ఉంటే మందపాటి పాలిథిన్ షీటు అదే కొలతకు కోసి, బిగించే ముందు అతికించండి.

కడగడం

పాత బండి లోపల పేరుకుని ఉండేది మామూలు దుమ్ము కాదు. ఏళ్ల తరబడి వాటర్ వాష్ చేసిన ప్రతిసారీ కుర్రాళ్లు మెరుపు కోసం పూసిన డాష్‌బోర్డు పాలిష్ అందులో ఉంటుంది. వాటిలో చాలావాటిలో ఉండేది సిలికాన్ నూనె. అది ఏ మూల కాస్త మిగిలినా అక్కడ రంగు నిలవక పక్కకు జరిగి, మధ్యలో చిన్న గుండ్రటి గుంటలు పడతాయి. పెయింటర్లు వాటిని ఫిష్ ఐ అంటారు. మీద రంగు ఎన్ని కోట్లు (పూతలు) వేసినా అవి పూడవు.

అందుకే ముందు సబ్బు నీళ్లు. గిన్నెలు తోమే లిక్విడ్ గోరువెచ్చటి నీళ్లలో కలిపి, మెత్తటి బ్రష్‌తో గుండ్రంగా తిప్పుతూ తోమండి. ప్లాస్టిక్ మీద తోలు లాంటి గీతలు, గుంటలు ఉంటాయి కదా, మురికి దాక్కునేది వాటిలోనే. నురుగు మొదట గోధుమ రంగులో వస్తుంది, మోచెయ్యి ఆనే చోటైతే నల్లగా వస్తుంది. నురుగు తెల్లగా వచ్చేదాకా నీళ్లు మారుస్తూ తోమండి. హార్డ్‌బోర్డు ప్యాడ్లను మాత్రం నీళ్లలో ముంచకండి. బ్రష్‌కు నురుగు మాత్రమే తీసుకుని రెగ్జిన్ మీద తోమి, తడి గుడ్డతో తుడిచేయండి.

ఆరాక సిలికాన్ రిమూవర్‌తో తుడవాలి. పెయింట్ షాపులో వాక్స్ అండ్ గ్రీజ్ రిమూవర్ అని అడిగినా ఇస్తారు. రెండు గుడ్డలు పెట్టుకోండి. ఒకటి తడిపి పూయడానికి, రెండోది పొడిది, అది ఆరిపోయేలోపు తుడిచేయడానికి. ఒకే గుడ్డతో చేస్తే జిడ్డును ఒక చోటి నుంచి ఇంకో చోటికి పూస్తున్నట్టే. గుడ్డలు తరచూ మార్చండి. చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడవండి. అది లేదని ఇంట్లో మిగిలిన శానిటైజర్ వాడకండి, చేతులు పొడిబారకుండా అందులో గ్లిజరిన్ లాంటివి కలుపుతారు. కిరోసిన్ సంగతి చెప్పనే అక్కర్లేదు, అది వదిలేదే జిడ్డు.

కడిగింది సరిపోయిందో లేదో నీళ్లే చెప్తాయి. ముక్కను నిలబెట్టి మంచినీళ్లు చిలకరించండి. నీరు పలుచటి పొరలా పరుచుకుని జారితే శుభ్రంగా ఉన్నట్టు. ఒక చోట మాత్రం ముత్యాల్లా విడిపోయి నిలుస్తుంటే అక్కడ సిలికాన్ మిగిలిందని లెక్క. పీపీ మాత్రం శుభ్రంగా ఉన్నా నీటిని అంతటా ఒకేలా విడదీస్తుంది. అక్కడ చూడాల్సింది ఒక చోటికీ ఇంకో చోటికీ తేడా ఉందా అనేదే.

ఇక గరుకు పెట్టడం. నున్నటి ప్లాస్టిక్ మీద గీతలుంటే 600 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి రుద్దొచ్చు. తోలు గీతల డిజైన్ ఉన్న చోట వాటర్ పేపర్ పెట్టకండి, ఆ డిజైన్ అరిగి బోడి మచ్చ పడుతుంది, దాన్ని మళ్లీ తేలేం. అక్కడ పెయింట్ షాపులో దొరికే బూడిద రంగు స్కాచ్ ప్యాడ్‌తో సబ్బు నీళ్లు పెట్టి తేలిగ్గా రుద్దితే చాలు. వంటింటి ఆకుపచ్చ స్క్రబ్బర్ దీనికి మరీ గరుకు. రెగ్జిన్‌కు అదీ వద్దు. రుద్దాక ఆల్కహాల్‌తో మళ్లీ తుడిచి, అక్కడి నుంచి ముక్కను గ్లవ్స్ వేసుకునే పట్టుకోండి.

ఇంతకు ముందెవరో రంగు వేసి ఉంటే, బ్లేడుతో చిన్న గళ్లు గీసి, సెల్లో టేపు గట్టిగా నొక్కి అతికించి ఒక్కసారిగా లాగండి. టేపుతో పాటు రంగు వస్తే పాతదంతా తీసేయాల్సిందే.

రంగు ఎంపిక

నా సలహా, కంపెనీ రంగే వేయండి. బూడిద రంగు ప్లాస్టిక్‌ను నల్లగా మార్చాలని చాలామందికి సరదా. మొదట్లో బాగుంటుంది గానీ, తాళంచెవుల గుత్తి తగిలిన చోటల్లా కింది బూడిద రంగు గీతలుగా కనిపిస్తుంది. అదే రంగు వేస్తే చిన్న గీతలు కంటికి ఆనవు. డాష్‌బోర్డు పైభాగానికి మాత్రం ముదురు మ్యాట్ (మెరుపు లేని) రంగే వేయాలి. లేత రంగో, మెరిసే రంగో వేస్తే మధ్యాహ్నం ఎండలో దాని నీడ ముందు అద్దంలో పడి రోడ్డు సరిగ్గా కనపడదు. ఇది అందం సంగతి కాదు, భద్రత సంగతి.

రంగు కలిపించడానికి షాపుకు వెళ్లేటప్పుడు ఎండ తగలని ముక్క తీసుకెళ్లండి. యాష్‌ట్రే లోపలి భాగమో, ఇంకో ముక్క కింద దాగి ఉన్న అంచో అయితే అసలు రంగు తెలుస్తుంది.

దారులు రెండున్నాయి. ఒకటి, వినైల్, ప్లాస్టిక్ రెండింటికీ పనికొచ్చే స్ప్రే డబ్బాలు. 400 మి.లీ. డబ్బా ఒక కోటుకు సుమారు ఒకటిన్నర నుంచి రెండు చదరపు మీటర్లకు వస్తుంది. మూడు కోట్లు వేయాలి కాబట్టి ఆ లెక్కన, ఒకటి ఎక్కువే కొనండి, మధ్యలో అయిపోతే పని ఆగిపోతుంది. డబ్బా మీద వినైల్ అని స్పష్టంగా రాసి ఉండాలి. అన్ని పనులకూ అని రాసిన చవక డబ్బాలు రెగ్జిన్ మీద నిలవవు.

రెండోది, షాపులో పీయూ (పాలీయురేథేన్) పెయింట్ కలిపించి, అందులో మెరుపు తగ్గించే మ్యాటింగ్ ఏజెంట్, రబ్బరులా వంగే ఫ్లెక్స్ అడిటివ్ వేయించి గన్‌తో కొట్టడం. నిలిచేది ఇదే. కానీ అది గట్టిపడటానికి కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. పీలిస్తే ఉబ్బసం తెప్పించే రసాయనాలు అవి, ముక్కుకు కర్చీఫ్ కట్టుకుంటే ఆగవు. ఇంట్లో ఈ పని పెట్టుకోకండి. ముక్కలన్నీ మీరే విప్పి, కడిగి, గరుకు పెట్టి, శుభ్రమైన దుప్పట్లో చుట్టి పెయింటర్ దగ్గరికి తీసుకెళ్లండి. కష్టమైన భాగం మీరు చేసేశారు కాబట్టి గన్ పనికి అతను తీసుకునేది తక్కువే. పైగా కడగడం సరిగ్గా జరిగిందో లేదో అనే టెన్షన్ మీకుండదు.

స్ప్రే కొట్టడం

గాలి కదిలే నీడ పట్టు చూసుకోండి. వరండా బాగుంటుంది. గ్యాస్ పొయ్యి, సిగరెట్, అగరుబత్తి దగ్గర్లో ఉండకూడదు. ఆర్గానిక్ ఆవిరిని ఆపే ఫిల్టర్ల మాస్కు పెట్టుకోండి. వాన ముసురు రోజుల్లో వేయకండి. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే రంగు తెల్లగా మసకబారుతుంది. విశాఖ, కాకినాడ వైపు వాళ్లకు డిసెంబరు, జనవరి నెలల్లో మంచు విడిచాక పది గంటల వేళ బాగుంటుంది. మే నెల మధ్యాహ్నం కూడా వద్దు, రంగు ముక్కను చేరేలోపే ఆరిపోయి ఇసుక చల్లినట్టు గరుకుగా వస్తుంది.

మొదట గ్లవ్ బాక్స్ లోపలి వైపు లాంటి కనపడని చోట కొట్టి, ఒక రోజు ఆగి, గోటితో గీకి, టేపు వేసి లాగి చూడండి. అది నిలిస్తేనే మిగతావి మొదలుపెట్టండి.

డబ్బా లోపలి గోలీ శబ్దం మొదలయ్యాక రెండు నిమిషాలు ఊపండి. పీపీ ముక్కలకు ప్లాస్టిక్ ప్రైమర్ ఒక పలుచటి కోటు వేసి, డబ్బా మీద రాసిన వ్యవధిలోనే రంగు మొదలుపెట్టాలి. చాలా ప్రైమర్లకు అది నిమిషాల్లోనే ఉంటుంది, పూర్తిగా ఎండనిచ్చి మర్నాడు వేస్తే దాని పట్టు పోతుంది. రెగ్జిన్‌కు ప్రైమర్ అక్కర్లేదు.

ముక్కకు 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో డబ్బా పట్టుకోండి. ముక్క అంచుకు బయటే బటన్ నొక్కి, అవతలి అంచు దాటాక వదలండి. ముక్క మీద ఉండగా నొక్కినా, వదిలినా అక్కడ ముద్ద పడుతుంది. మూలలు, అంచులు ముందు కొట్టి, తర్వాత మధ్య భాగం. మొదటి కోటు పొగలా పడాలి, కింది పాత రంగు ఇంకా సగం కనిపిస్తూనే ఉండాలి. చాలామందికి ఇక్కడే ఓపిక ఉండదు, ఒక్క దెబ్బకు కప్పేద్దామని చూస్తారు. రంగు చిక్కగా పడితే కారుతుంది, తోలు గీతలు పూడిపోయి ముక్క అట్టలా కనిపిస్తుంది. పది, పదిహేను నిమిషాలు ఆగి రెండోది, అలాగే మూడోది. నాలుగోది అవసరం పడితేనే.

మ్యాట్ రంగుతో ఇంకో చిక్కు ఉంది. తడిగా పడిన చోట కాస్త మెరుస్తూ, పలుచగా పడిన చోట మసకగా ఆరి మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. చివరి కోటును ఇంకొంచెం దూరం నుంచి, ముక్క మొత్తం మీద ఆపకుండా ఒకే వేగంతో తిప్పితే మెరుపు సమానంగా కుదురుతుంది. ఎక్కడైనా కారితే తుడవకండి. పూర్తిగా ఎండనిచ్చి, నున్నటి చోటైతే 800 పేపర్‌తో అక్కడే సరిచేసి, మళ్లీ పలుచగా కొట్టండి.

డాష్‌బోర్డును విప్పలేకపోతే బండిలోనే వేయొచ్చు, కానీ మాస్కింగ్‌కే సగం రోజు పడుతుంది. ముందు అద్దం మొత్తం, మీటరు, గాలి వచ్చే జాలీలు, స్విచ్చులు, సీట్లు అన్నీ కప్పాలి. నాలుగు డోర్లూ తీసి ఉంచాలి. టేపును చివరి కోటు ఇంకా పచ్చిగా ఉండగానే వెనక్కి వాలుగా లాగేయండి. ఎండాక లాగితే అంచు చిట్లి పళ్లు పళ్లుగా కనిపిస్తుంది.

బిగించడం, ఆ తర్వాత

చేతికి అంటకుండా ఆరడానికి అరగంట, గంట చాలు. బిగించడానికి కనీసం ఒక రోజు ఆగండి. పూర్తిగా గట్టిపడటానికి దాదాపు వారం పడుతుంది. ఆ వారం మోచేతులు ఆనించకండి, సన్‌షేడ్ లాంటివి డాష్‌బోర్డు మీద పెట్టకండి, అద్దాలు పూర్తిగా మూసి ఎండలో ఆపకండి. పిల్లలు ఎక్కే బండి అయితే వాసన పోయేదాకా అద్దాలు కాస్త దించే నడపండి.

అద్దం హ్యాండిల్ బిగించేటప్పుడు క్లిప్పును ముందే హ్యాండిల్‌లో కూర్చి, ఫొటోలో ఉన్న దిశలో పెట్టి అరచేత్తో ఒక్క దెబ్బ వేస్తే టక్కున కూర్చుంటుంది. డోర్ ప్యాడ్ క్లిప్పులు రంధ్రాల్లో సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని, ఒక్కొక్కటే నొక్కండి.

తర్వాత తుడవడానికి తడి గుడ్డ చాలు. వాటర్ వాష్‌కు ఇచ్చినప్పుడు లోపల పాలిష్ పూయొద్దని ముందే చెప్పండి, చెప్పకపోతే పూసేస్తారు. రేపు చిన్న గీత పడి టచప్ చేయాలంటే ఆ సిలికాన్ మళ్లీ మొదటికి తెస్తుంది. మిగిలిన స్ప్రే డబ్బాను తలకిందులుగా పట్టుకుని గాలి మాత్రమే వచ్చేదాకా నొక్కితే నాజిల్ మూసుకుపోదు. దాన్ని బండి డిక్కీలో ఉంచకండి. 50 డిగ్రీలు దాటే చోట పెట్టొద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది, మన వేసవిలో ఎండకు నిలిపిన బండి ఆ వేడిని తేలిగ్గా దాటేస్తుంది. ఇంట్లో, పిల్లలకు అందని అరలో పెట్టండి.